రెండు సెకన్లలో లక్ష పోగులు

2002 సెప్టెంబరులో రెడ్ హ్యాట్ కంపెనీ ఇంజనీర్లు ఉల్రిక్ డ్రెప్పర్, ఇంగో మోల్నార్ తాము రాస్తున్న ఒక కొత్త లైబ్రరీ సంగతి లినక్స్ లోకానికి చెప్పారు. ఇంటెల్ 32 బిట్ ప్రాసెసర్ మీద ఒకేసారి లక్ష థ్రెడ్లు లేపగలిగారు. దానికి పట్టింది రెండు సెకన్లు. లినక్స్‌కు గుండెకాయలాంటిది కెర్నెల్. ఆ లైబ్రరీ లేని పాత కెర్నెల్ మీద అదే పనికి పావుగంట పట్టేది. అంటే 450 రెట్ల తేడా. అప్పటికి అదే బాటలో, ఇంతకంటే తెలివైన పద్ధతి అనిపించుకున్న దానితో, ఇంకో పెద్ద కంపెనీ తన లైబ్రరీని సిద్ధం చేసుకుంటోంది. ఓడిపోయింది ఆ తెలివైన పద్ధతే. ఎందుకు ఓడిందో తెలియాలంటే ముందు ఈ థ్రెడ్ల కాపురం ఎలా ఉంటుందో చూడాలి.

నడుస్తున్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు. ప్రాసెస్‌లు వేరు కాపురం పెట్టిన అన్నదమ్ముల్లాంటివి. ఎవరి మెమరీ వాళ్లది, ఒకరి వంటింట్లోకి ఒకరు తొంగిచూడరు. ఒకే ప్రాసెస్‌లో నడిచే పోగులు, అంటే థ్రెడ్లు, ఉమ్మడి కుటుంబం. ఒకటే వంటిల్లు, ఒకటే ఉప్పు డబ్బా. గిన్నెలు ఇంటింటికీ మోయనక్కర్లేదు కాబట్టి పని చురుగ్గా సాగుతుంది. పేచీలు పుట్టేదీ అక్కడే.

కిరాణా కొట్లో ఒకే ఖాతా పుస్తకం మీద ఇద్దరు గుమస్తాలు రాస్తున్నారనుకోండి. బాకీ 100 రూపాయలు. మొదటి గుమస్తా ఆ 100 చూసి, దానికి 50 కలపాలని నోట్లో లెక్క వేసుకుంటున్నాడు. ఈలోగా రెండో గుమస్తా కూడా అదే 100 చూసి, 30 కలిపి, 130 అని రాసి వెళ్లిపోయాడు. మొదటివాడు తన లెక్క తేల్చుకుని 130 కొట్టేసి 150 రాశాడు. ఉండాల్సింది 180. ముప్పై రూపాయలు గాలికి పోయాయి, పుస్తకంలో మాత్రం ఎక్కడా తప్పు కనిపించదు. కంప్యూటరు ఒక సంఖ్యకు ఒకటి కలపడం కూడా ఇంతే: చదవాలి, కలపాలి, తిరిగి రాయాలి. ఆ మూడింటి నడుమ ఇంకో థ్రెడ్ దూరితే కథ ఇదే. అందుకే తాళాలు కావాలి, తాళం దొరకనివాడు పడుకోవడానికి చోటు కావాలి, వంతు రాగానే లేపేవాడు కావాలి. థ్రెడ్లను పుట్టించడం, ముగించడం, తాళాలు వేయడం, నిద్రపుచ్చడం, లేపడం: ఇవన్నీ చూసుకునేదే థ్రెడ్ లైబ్రరీ. 1995లో వచ్చిన పోసిక్స్ ప్రమాణం ఈ పనులకు పేర్లూ నియమాలూ ఖాయం చేసింది. లోపల ఎలా నడపాలో మాత్రం ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆ సిస్టమ్ తేల్చుకోవాల్సిందే.

లినక్స్‌లో దాన్ని మొదట గట్టిగా తేల్చినవారు ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధన సంస్థకు చెందిన గ్జావియే లెరువా. ఓకామల్ అనే ప్రోగ్రామింగ్ భాషను తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడాయన. 1996లో ఆయన లినక్స్‌థ్రెడ్స్ రాసేనాటికి కెర్నెల్‌కు థ్రెడ్ అంటే ఏమిటో తెలియదు. తెలిసిందల్లా క్లోన్ అనే ఒక సదుపాయం, తన మెమరీనే పంచుకునే మరో ప్రాసెస్‌ను పుట్టించడం. లెరువా దాంతోనే నెట్టుకొచ్చారు. ఒక్కో థ్రెడ్ నిజానికి ఒక్కో ప్రాసెస్. పైకి ఉమ్మడి కుటుంబమే గానీ, మనిషికో రేషన్ కార్డు అన్నమాట.

దాంతో వచ్చిన చిక్కులు ఇన్నీ అన్నీ కావు. ఒకే ప్రోగ్రాములోని థ్రెడ్లను మీ ప్రాసెస్ నంబరు ఎంత అని అడిగితే తలో నంబరు చెప్పేవి. ప్రోగ్రామును ఆపమని సిగ్నల్ పంపితే అది అందిన ఒక్క థ్రెడ్ ఆగేది, మిగతావి తమ మానాన తాము నడిచేవి. కొత్త థ్రెడ్ పుట్టాలన్నా, చచ్చిన థ్రెడ్ తాలూకు మెమరీ సర్దాలన్నా మేనేజర్ అనే ప్రత్యేక థ్రెడ్ దగ్గర చేతులు కట్టుకోవాలి. ఆ మేనేజర్‌నే ఎవరైనా చంపేస్తే తర్వాత దిక్కులేదు. పైగా 32 బిట్ ఇంటెల్ యంత్రాల మీద 8,192 థ్రెడ్లకు మించి కుదరదు. ఇంతమంది ఇన్ని తిట్లు తిట్టినా, కెర్నెల్ సాయం అంతంతమాత్రంగా ఉండగా ఒక మనిషి ఇంత పని చేయించాడన్నదే నాకు వింతగా ఉంటుంది.

శతాబ్దం మారేసరికి జావా సర్వర్లు వచ్చాయి. వచ్చిన ప్రతి వినియోగదారుడికీ ఒక థ్రెడ్ కేటాయించడం వాటి అలవాటు. లినక్స్‌థ్రెడ్స్ ఆ బరువు మోయలేదు. ఐబీఎం ముందుకొచ్చి ఎన్‌జీపీటీ అనే కొత్త లైబ్రరీ మొదలుపెట్టింది. దాని వెనకున్న ఆలోచన ఎం-ఎన్ పద్ధతి. ప్రోగ్రాములో వేల థ్రెడ్లుంటాయి, కెర్నెల్‌కు మాత్రం కొన్నే కనిపిస్తాయి. ఆ కొన్నిటి మీద ఈ వేలను వంతులవారీగా ఎక్కించేది లైబ్రరీ. థ్రెడ్ మారిన ప్రతిసారీ కెర్నెల్ గడప తొక్కనక్కర్లేదు కదా, అది ఆదా. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉంటుందో చెప్పలేను.

చిక్కల్లా ఒకే పనికి ఇద్దరు మేస్త్రీలు ఉండటం. పెద్ద మేస్త్రీ కెర్నెల్, చిన్న మేస్త్రీ లైబ్రరీ. డిస్కు నుంచి ఏదో రావాలని ఒక కెర్నెల్ థ్రెడ్ ఆగిపోతే ఆ సంగతి పెద్ద మేస్త్రీకి తెలుసు. చిన్న మేస్త్రీకి తెలియదు. ఆగిపోయినవాడి మీద తాను ఎక్కించిన పోగులన్నీ ఊరికే కూర్చుంటాయి. దీనికి మందు 1991లోనే వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. ఆండర్సన్, బెర్షాద్, లాజోవ్‌స్కా, లెవీ కలిసి షెడ్యూలర్ యాక్టివేషన్స్ అనే పద్ధతి ప్రతిపాదించారు. ఎవరైనా ఆగిపోయినప్పుడల్లా, తిరిగి లేచినప్పుడల్లా పెద్ద మేస్త్రీ చిన్న మేస్త్రీకి కబురు పెట్టాలి. చదివినవాళ్లు ముగ్ధులయ్యారు. సొలారిస్ ఎం-ఎన్ దారి పట్టింది. నెట్‌బీఎస్‌డీ, ఫ్రీబీఎస్‌డీ కూడా ఇలాంటి పద్ధతులే కట్టుకున్నాయి.

తర్వాత ఒక్కొక్కటీ వెనక్కి తిరిగింది. సొలారిస్ 9 నాటికి, 2002లో, సొలారిస్ ఎం-ఎన్‌ను వదిలేసింది. ఫ్రీబీఎస్‌డీ 2008లో 7.0తో, నెట్‌బీఎస్‌డీ 2009లో 5.0తో అదే బాట పట్టాయి. నెమ్మదిగా ఉందనీ, సిగ్నళ్ల దగ్గర చిక్కుముళ్లు పడుతున్నాయనీ కారణాలు చెప్పారు. అవి నిజమే. అన్నిటి వెనకా ఉన్న కారణం ఒకటుందని నా అభిప్రాయం: ఆ డిజైన్‌ను పరీక్షించి నమ్మకం తెచ్చుకోవడం మనుషుల వల్ల కాలేదు.

లెక్క వేసి చూడండి. రెండు థ్రెడ్లు, ఒక్కోటి పది అడుగులు వేస్తుంది. ఆ ఇరవై అడుగులూ ఎన్ని వరసల్లో కలగలిసిపోవచ్చు? 1,84,756 వరసల్లో. అడుగులు పది బదులు ఇరవై చొప్పున అయితే 13,784 కోట్ల పైచిలుకు. పది అడుగుల థ్రెడ్లే మూడుంటే 5,55,099 కోట్లు. ప్రోగ్రామును ఒకసారి నడిపితే ఇందులో ఒక్క వరస పరీక్షించినట్టు. పోనీ కోటిసార్లు నడుపుదామంటే, ఒకే యంత్రం మీద ఒకే రకం బరువుతో నడిపినప్పుడు తరచూ అవే కొన్ని వరసలు తిరిగి తిరిగి వస్తాయి. తప్పు దాగిన వరస ఏ వినియోగదారుడి సర్వర్‌లోనో, ఏ తెల్లవారుజామునో మొదటిసారి ఎదురవుతుంది. పట్టుకుందామని మధ్యలో ఒక ప్రింట్ వాక్యం పెడితే తప్పు మాయమవుతుంది. ఎందుకంటే ప్రింట్ కూడా లోపల ఒక తాళం వేసి తీస్తుంది, దాంతో అడుగుల వరసే మారిపోతుంది. ఇలాంటి దాన్ని హైజెన్‌బగ్ అంటారు. ఇక ఇద్దరు మేస్త్రీలుంటే, ఒకడి వరసలను రెండోవాడి వరసలతో హెచ్చవేసుకోవాలి.

భూమ్మీదే కాదు, అంగారకుడి మీదా ఇది జరిగింది. 1997 జులై 4న అక్కడ దిగిన పాత్‌ఫైండర్ వ్యోమనౌక కొద్ది రోజులకే ఉండుండి తనంతట తాను రీసెట్ అవడం మొదలుపెట్టింది. తక్కువ ప్రాధాన్యం ఉన్న పని తాళం పట్టుకుని కూర్చుంటే, మధ్యరకం పనులు దాన్ని నడవనివ్వక, అన్నిటికంటే ముఖ్యమైన పని తాళం కోసం ఎదురుచూస్తూ ఆగిపోయింది. ప్రయోగానికి ముందు భూమి మీద పరీక్షల్లోనూ ఆ రీసెట్లు కనిపించాయి. మళ్లీ రప్పిద్దామంటే రాలేదు, వదిలేశారు.

డ్రెప్పర్, మోల్నార్ ఎంచుకున్నది మొద్దుగా కనిపించే దారి. ప్రోగ్రాములో ఒక థ్రెడ్ ఉంటే కెర్నెల్‌లోనూ ఒక థ్రెడ్. చిన్న మేస్త్రీ ఉద్యోగం ఊడిపోయింది. వాళ్ల లైబ్రరీ పేరు ఎన్‌పీటీఎల్. వేల థ్రెడ్లను కెర్నెల్ మోయలేదు కదా అన్నది అప్పటి ఆక్షేపణ. మోయలేకపోతే కెర్నెల్‌నే బాగుచేద్దాం అన్నది జవాబు. ఆ ధైర్యానికి ఆధారం ఉంది. ఎన్ని థ్రెడ్లున్నా తర్వాతి వంతు ఎవరిదో అంతే సమయంలో తేల్చే షెడ్యూలర్‌ను మోల్నార్ ఆ ఏడాది మొదట్లోనే కెర్నెల్‌లో చేర్చి ఉన్నాడు.

తర్వాత కెర్నెల్ గోడలు ఒక్కొక్కటే తడుముతూ వెళ్లారు. పాత కెర్నెల్‌లో ప్రాసెస్ నంబర్లు 32,768 దగ్గర ఆగేవి. లక్ష థ్రెడ్లకు చాలవు. పైగా ఖాళీ నంబరు వెతకడానికి ఉన్నవాళ్లందరి జాబితా తిరగేసేవారు. జనం పెరిగేకొద్దీ వెతుకులాటా పెరిగేది. దాని బదులు ఖాళీలను బిట్ల పటంలో గుర్తుపెట్టుకునే పద్ధతి వచ్చింది. థ్రెడ్లను ఒక గుంపుగా చూడటం కెర్నెల్ నేర్చుకుంది. కుటుంబమంతటికీ ఒకే రేషన్ కార్డు, ఆపమంటే అందరూ ఆగాలి. థ్రెడ్‌కు సొంతమైన కాసింత మెమరీని వెతికిపెట్టే రిజిస్టరు ఏర్పాటు మారింది, 8,192 హద్దు పోయింది.

నాకు బాగా నచ్చిన మార్పు ఇంకోటి. థ్రెడ్ తన స్టాక్ మెమరీ మీద నిలబడి పనిచేస్తుంది. పని ముగిశాక ఆ మెమరీని తిరిగి ఇచ్చేయాలి. తానే ఇవ్వాలంటే కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే. పాత పద్ధతిలో ఆ పనికే మేనేజర్ ఉండేవాడు. కొత్త పద్ధతిలో థ్రెడ్ పుట్టేటప్పుడే కెర్నెల్‌కు ఒక చిరునామా ఇస్తుంది. నేను పూర్తిగా పోయాక ఇక్కడ సున్నా రాసి, నా కోసం ఎవరైనా ఎదురుచూస్తుంటే లేపు, అని. ఆ సున్నా పడిందంటే ఇక కొమ్మ మీద ఎవరూ లేరు, నిశ్చింతగా నరకొచ్చు. మేనేజర్ థ్రెడ్ చరిత్రలో కలిసిపోయింది.

తాళాల సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. హాస్టల్లో ఒకే స్నానాలగది ఉందనుకోండి. ఖాళీగా ఉంటే లోపలికెళ్లి మన గడియ మనమే వేసుకుంటాం, వాచ్‌మన్‌ను పిలవం. లోపల ఎవరో ఉంటేనే వాచ్‌మన్‌కు చెప్పి పడుకుంటాం. 2002లో రస్టీ రస్సెల్, హ్యూబర్టస్ ఫ్రాంకే, మాథ్యూ కిర్క్‌వుడ్ లినక్స్‌కు తెచ్చిన ఫ్యూటెక్స్ సరిగ్గా ఇదే. తాళం అంటే మెమరీలో ఒక సంఖ్య మాత్రమే. సున్నా అయితే ఖాళీ, ఒకటైతే ఎవరో ఉన్నారు, రెండైతే ఉన్నారు, బయట ఎదురుచూసేవాళ్లూ ఉండొచ్చు. చాలాసార్లు సున్నాను ఒకటి చేసి లోపలికి పోవడమే, కెర్నెల్‌కు కబురే ఉండదు.

చిక్కు నిద్రపోయే క్షణంలో ఉంది. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే రాత్రి బస్సులో ఒకాయన సూర్యాపేటలో దిగాలి. నిద్రపోయినవాళ్ల భుజం తట్టడం కండక్టరు పని. ఈయన కిటికీలోంచి చూశాడు, ఊరు ఇంకా రాలేదు, కాసేపు పడుకుందామని శాలువా సర్దుకుంటున్నాడు. అప్పుడే సూర్యాపేట వచ్చింది. కండక్టరు వచ్చి చూశాడు, కళ్లు తెరిచే ఉన్నాయి కదా అని తట్టకుండా ముందుకెళ్లిపోయాడు. మరుక్షణం ఈయన కళ్లు మూతపడ్డాయి. ఇక లేచేది విజయవాడలోనే. థ్రెడ్లలోనైతే ఎప్పటికీ లేవదు. ఫ్యూటెక్స్ ఈ సందును మూస్తుంది. థ్రెడ్ నిద్రపుచ్చమని మాత్రమే అడగదు, ఈ సంఖ్య ఇంకా రెండుగానే ఉంటే నిద్రపుచ్చు అని అడుగుతుంది. కెర్నెల్ ఆ సంఖ్యను మళ్లీ చూడటం, నిద్రపుచ్చడం రెండూ విడదీయరాని ఒకే అడుగు. ఈలోగా ఊరు వచ్చేసి ఉంటే పడుకోనివ్వదు.

అలా చేరిందే ఆ రెండు సెకన్ల ఫలితం. 32 బిట్ యంత్రంలో ప్రోగ్రాముకు దక్కేది మూడు గిగాబైట్లు. లక్షమంది పంచుకుంటే తలకు సుమారు 30 కిలోబైట్లు. రోజువారీ పనికి ఎవరూ అలా నడపరు, అది బలప్రదర్శన. అసలు పోటీ థ్రెడ్లను పుట్టించి ముగించే కొలతల్లో తేలింది. ఎన్‌జీపీటీ కంటే ఎన్‌పీటీఎల్ దాదాపు నాలుగు రెట్లు వేగం చూపింది. 2003లో ఐబీఎం ఎన్‌జీపీటీని పక్కన పెట్టేసింది.

అదే ఏడాది మార్చి 31న రెడ్ హ్యాట్ లినక్స్ 9తో ఎన్‌పీటీఎల్ జనంలోకి వెళ్లింది. వెళ్లీ వెళ్లగానే కొన్ని ప్రోగ్రాములు పడకేశాయి. వాటిలో కొన్ని పాత లైబ్రరీ తప్పులనే నమ్ముకుని రాసినవి. థ్రెడ్‌కో నంబరు ఉంటుందని లెక్కలు కట్టుకున్నవి, ఒక థ్రెడ్‌కు వచ్చిన సిగ్నల్ దానికే పరిమితమని అనుకున్నవి. ప్రమాణం ప్రకారం లైబ్రరీదే ఒప్పు. వినియోగదారుడికి మాత్రం నిన్న నడిచింది ఇవాళ నడవడం లేదు. నువ్వు పాత కెర్నెల్ మీద ఉన్నావని ప్రోగ్రాముకు అబద్ధం చెప్పే ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో కొన్నేళ్లు గడిపారు. అది పెడితే పాత లినక్స్‌థ్రెడ్స్ లేచి వచ్చేది.

పరీక్షలు క్రమపద్ధతిలో జరిగింది ఈ దశలోనే. ప్రమాణంలోని ఒక్కో వాక్యం తీసుకుని, ఇది ఇలా ఉండాలి అంది కదా, ఉందా లేదా అని అడిగే చిన్న చిన్న ప్రోగ్రాముల మూట ఓపెన్ పోసిక్స్ టెస్ట్ సూట్. ఫ్రాన్స్‌కు చెందిన బుల్ కంపెనీ ఇంజనీర్లు దాన్ని పట్టుకుని ఎన్‌పీటీఎల్ మీద ఓపిగ్గా పరీక్షలు రాశారు. ఒక్కోసారి తప్పు లైబ్రరీలో కాక ప్రమాణంలోని వాక్యంలోనే తేలుతుంది, రెండు రకాలుగా అర్థం చేసుకునేలా రాసి ఉంటుంది. ప్రోగ్రాము నడుస్తుండగానే తాళం లేని చోట్లను పట్టే హెల్‌గ్రైండ్, థ్రెడ్‌శానిటైజర్ వంటి పనిముట్లూ వచ్చాయి. ఇవి వాడకుండా థ్రెడ్లు రాసేవాళ్లను చూస్తే నాకు భయం.

ఇన్ని కాపలాలు దాటుకుని కూడా ఒక తప్పు ఎనిమిదేళ్లు బతికింది.

ఫలానా షరతు నెరవేరేదాకా పడుకుంటాను, అవగానే లేపండి, అని థ్రెడ్ చెప్పుకునే సాధనాన్ని కండిషన్ వేరియబుల్ అంటారు. ఊరు రాకముందే పొరపాటున లేపినా నియమం ఒప్పుకుంటుంది, లేచినవాడు చూసుకుని మళ్లీ పడుకోవాలి. లేపకపోవడం మాత్రం క్షమించరాని నేరం. ఎన్‌పీటీఎల్ పాత పద్ధతిలో ఒక లోపం ఉండేది. ముందు పడుకున్నవాడికి రావలసిన పిలుపును ఆలస్యంగా వచ్చినవాడు ఎగరేసుకుపోగలడు. దాన్ని సరిచేయడానికి ఎన్‌పీటీఎల్‌ను తనలో కలుపుకున్న లినక్స్ సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో, 2017 ఫిబ్రవరిలో విడుదలైన 2.25 వెర్షన్‌తో, కొత్త పద్ధతి పెట్టారు. నిద్రపోయేవాళ్లను రెండు జట్లు చేసి, పిలుపు ముందు పాత జట్టుకే అందేలా చూశారు. పాత జట్టు అయిపోగానే జట్లు తారుమారవుతాయి. చాలా జాగ్రత్తగా రాసిన కోడ్ అది, వ్యాఖ్యలే పేజీల కొద్దీ ఉంటాయి.

అందులో ఒక మూల: బాగా మందకొడిగా నడిచిన థ్రెడ్ ఒకటి, జట్లు మారిపోయిన సంగతి తెలియక, కొత్త జట్టు పిలుపును తీసేసుకోవచ్చు. తీసుకున్నట్టు తెలిశాక తిరిగి ఇచ్చేయాలి. ఆ తిరిగిచ్చే కొద్ది కోడ్ పంక్తుల్లోనే, ఒకానొక క్రమంలో, పిలుపు ఎవరికీ అందకుండా జారిపోతుంది. 2020 ఏప్రిల్‌లో ఫిర్యాదు నమోదైంది. అప్పుడప్పుడూ ఊరికే బిగుసుకుపోతున్నవాటిలో ఓకామల్ ప్రోగ్రాములూ ఉన్నాయి. లినక్స్‌థ్రెడ్స్ రాసిన లెరువా గారి భాషే! తేలిగ్గా చేతికి చిక్కని ఆ తప్పును ఒక ప్రోగ్రామర్ వేరే దారిలో పట్టుకున్నాడు. లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన టీఎల్‌ఏ ప్లస్ అనే గణిత భాషలో ఆ పద్ధతిని తిరగరాసి, కొద్దిపాటి థ్రెడ్లకు వీలైన వరసలన్నిటినీ యంత్రం చేత ఒక్కటీ విడవకుండా నడిపించాడు. పిలుపు జారిన వరస బయటపడింది. ప్రోగ్రామును నడిపి చూడటం వేరు, ఆలోచనను నడిపి చూడటం వేరు అని అప్పుడు అర్థమవుతుంది. అయినా దిద్దుబాటు ఖాయం కావడానికి 2025 జనవరి దాకా, గ్లిబ్‌సీ 2.41 దాకా పట్టింది. దిద్దుబాటు కూడా థ్రెడ్ల కోడే కదా, అదీ పరీక్షకు నిలవాలి.

ఓడిపోయిన ఎం-ఎన్ పద్ధతి ఈలోగా వేరే గుమ్మంలోంచి ఇంట్లోకి వచ్చేసింది. గో భాషలోని గోరొటీన్లు, 2023లో జావా 21తో వచ్చిన వర్చువల్ థ్రెడ్లు అవే. జావావాళ్లు ఆ ప్రాజెక్టుకు లూమ్, అంటే మగ్గం, అని పేరు పెట్టుకున్నారు. ఇక్కడ చిన్న మేస్త్రీకి భాష మొత్తం చేతిలో ఉంటుంది, ఎవరు ఎక్కడ ఆగుతారో ముందే తెలుస్తుంది. ఏ ప్రోగ్రామునైనా మోయాల్సిన ఆపరేటింగ్ సిస్టమ్ లైబ్రరీకి ఆ వెసులుబాటు లేదు.

మామూలు లినక్స్ కంప్యూటర్ దగ్గరుంటే టెర్మినల్ తెరిచి, గెట్‌కాన్ఫ్ ఆదేశంతో థ్రెడ్ లైబ్రరీ వెర్షన్ అడిగి చూడండి. ఎన్‌పీటీఎల్ అని, పక్కన ఒక సంఖ్య వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోనులో ఇది రాదు, దాని లైబ్రరీ వేరు. ఆ సంఖ్య 2.25 నుంచి 2.40 దాకా ఉన్నవాటిలో ఒకటై, మీ లినక్స్ ఇచ్చినవాళ్లు విడిగా మరమ్మతు చేసి ఉండకపోతే, జారిపోయే ఆ పిలుపు మీ యంత్రంలో ఇంకా ఉంది.